ఉతికిన రెక్క

ఆష్‌బర్న్, వర్జీనియా
ఏప్రిల్ 6, 2025

పూజ్యులు వేణుమాధవ్ తాతగారికి,

ఆష్‌బర్న్ నుంచి స్మృతి రెండు చేతులూ జోడించి, ఈసారి ఒత్తులన్నీ సరిచూసుకుని మరీ రాస్తోంది. మేమంతా బాగున్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందా? మీ ఊరు కమ్మింగ్‌లో పుప్పొడి రాలుతోందని, కారు మీద వేలితో మీ పేరు రాసుకోవచ్చని మీరు రాశారు. పుప్పొడి అన్న మాట నాకు అప్పటిదాకా తెలియదు. ఇరవై ఏళ్ళుగా దానివల్ల తుమ్ముతున్నాను గాని, దానికి ఇంత అందమైన పేరుందని ఎవరూ చెప్పలేదు. తెలుగులో రాస్తేనే జవాబిస్తానని నిరుడు వేసవిలో మీరు పెట్టిన షరతు నాకు చాలా మేలు చేసింది. ఆ రోజు మీ పక్కింట్లో ఉండే మా బాబాయి దగ్గరికి నేను రాకపోయినా, మీరు సొరుగు లాగి ఆ పాత వైమానిక దళాల పిన్నులు చూపించకపోయినా, నేను ఇప్పటికీ ‘ల’కీ ‘ళ’కీ తేడా తెలియకుండానే ఉండేదాన్ని.

మా నాయనమ్మ శేషమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. వేసవి అంతా ఉంటుంది. మీ ఉత్తరాలు ఆవిడ పైకి చదువుతుంటే నేను వింటాను. మీవి ముత్యాల్లాంటి అక్షరాలట. పిన్నులూ బ్యాడ్జీల గురించి చెబితే మాత్రం, బిళ్ళలేగా అంటుంది. కాలేజీలో ఇన్‌సిగ్నియా అంటాం, మీరు చిహ్నం అంటారు. నాకు లోలోపల బిళ్ళే నచ్చింది.

అసలు సంగతికి వస్తాను. ఎల్డన్ ప్రూయిట్ గారి గురించి పోయిన నెల రాశాను కదా. నేను వాలంటీర్‌గా వెళ్ళే హాస్పిస్‌లో, అంటే ఇక వైద్యం లేదన్నవాళ్ళు చివరి రోజులు గడిపే చోట, ఆయన ఉంటారు. తొంభై దాటాయి. హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. ఆయన తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో టెక్సస్‌లో విమానం నడపడం నేర్చుకున్నారని, ఫ్రాన్స్‌కు బయలుదేరేలోపే యుద్ధం ముగిసిందని ఇంట్లో చెప్పుకునేవారట. కాగితాలేవీ మిగల్లేదు. సవతి అన్న ఒకాయన మాత్రం, నాన్న విమానం ఎక్కనే లేదు, అక్కడ వంటవాడు అని బతికున్నంత కాలం ఎగతాళి చేశాడట. మిగిలిన సాక్ష్యం ఒక్కటే. తండ్రి కోటుకు కుట్టి ఉన్న పైలట్ చిహ్నం. ముదురు నీలం గుడ్డ మీద వెండి జలతారుతో కుట్టిన రెండు రెక్కలు, మధ్యలో చిన్న డాలు. తనను పాతిపెట్టేటప్పుడు దాన్ని గుండె మీద ఉంచమని ఎల్డన్ గారి కోరిక. కాని అది అసలుదని తేలితేనే. ఆ తేల్చే పని నాకు అప్పగించారు.

నేను పంపిన ఫోటోలు చూసి మీరు రాసిన జవాబు నా ముందే ఉంది. జలతారు తిప్పిన తీరు చూస్తే ఆ కాలపు చేతిపనే, నాకు సందేహం లేదు అన్నారు. శుక్రవారం ఎల్డన్ గారు రెక్కను కోటు నుంచి విప్పించి నా చేతికే ఇచ్చారు. నిన్న సాయంత్రం నా గదిలో కర్టెన్లు వేసి, మీరు నేర్పినట్టే అతినీలలోహిత దీపం కింద పెట్టాను. పాత నూలు ఆ దీపం కింద చీకటిగా ఉండిపోతుందని, ఈ కాలపు దారమైతే నీలి తెలుపులో మెరుస్తుందని రాసింది మీరే. తాతగారూ, అది ట్యూబులైటులా మెరిసింది. పైగుడ్డ, వెనక అస్తరు, కుట్టు దారం, అంతా.

మీరంటే నాకు చాలా గౌరవం. కాని మీరు పొరబడ్డారు. ఫోటో చూసి తీర్పు చెప్పకూడదని మొదటి పాఠంలోనే నాకు చెప్పి, మీరే ఫోటో చూసి చెప్పేశారు. రేపు క్లాసయ్యాక వెళ్ళి ఎల్డన్ గారికి చెబుతాను. ఆయన నన్ను అడిగింది నిజం. ‘నకిలీ’ అనకుండా ‘తర్వాతి కాలపు పని’ అంటే మర్యాదగా ఉంటుంది కదూ?

మీ శిష్యురాలు,
స్మృతి


ఆష్‌బర్న్
ఏప్రిల్ 11, 2025

పూజ్యులు వేణుమాధవ్ తాతగారికి,

నమస్కారాలు. మీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. నా పోయిన ఉత్తరం చదివి నొచ్చుకుని ఉంటారు. అది రాసినప్పుడు నాకెంత గర్వంగా ఉందో తలుచుకుంటే ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. బాబాయికి ఫోన్ చేశాను. మీకు ఫోన్‌లో సరిగ్గా వినబడదని, ఉత్తరమే రాయమని అన్నాడు. దీన్ని పోస్టాఫీసుకు నేనే తీసుకెళ్ళి ఎక్స్‌ప్రెస్‌లో పంపుతాను. కోపంగా ఉన్నా సరే, చివరిదాకా చదవండి.

సోమవారం వెళ్ళి ఎల్డన్ గారికి చెప్పాను. సిద్ధం చేసుకున్న మర్యాద మాటలన్నీ చెప్పాను. ఆయన విని, దీపం తెచ్చావా అన్నారు. తెచ్చాను. చూపించమన్నారు. నర్సు కిటికీ బ్లైండ్స్ దించింది. ఆయన దుప్పటి మీద పెట్టి దీపం వేస్తే రెక్క ధగధగమంది. చాలాసేపు చూసి, అందంగా ఉంది అన్నారు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నారు.

“అయితే మా నాన్న నాతో అబద్ధమాడాడు.”

అలా అనుకోనక్కర్లేదని, అసలుది పోయి తర్వాత మరొకటి కొనుక్కుని ఉండొచ్చని ఏవేవో చెప్పాను. ఆయన వినలేదు. ఎక్కడో దుకాణంలో కొనుక్కొచ్చి, కోటుకి కుట్టించుకుని, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ కథలన్నీ చెప్పాడన్నమాట అని గోడతోనే అన్నారు. మంగళవారం నుంచి ఆయన తిండి ముట్టలేదు. తండ్రి కోటును ఎవరికైనా ఇచ్చేయమని, గుండె మీద ఏమీ పెట్టొద్దని నర్సుతో చెప్పారట. తొంభై ఏళ్ళ మనిషి తండ్రి మీద పెట్టుకున్న నమ్మకాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో తీసేశాను.

ఇప్పుడు అసలు ఘోరం రాస్తాను.

బుధవారం అందరం అన్నం తింటున్నాం. నాయనమ్మ నన్ను, ఆ బిళ్ళ వాళ్ళకి తిరిగిచ్చేశావా అని అడిగింది. ఇచ్చేశానన్నాను. పోన్లే, శుభ్రంగా ఇచ్చాం అంది. శుభ్రంగా అంటే ఏమిటని అడిగాను.

“వాళ్ళ నాయన కోటుదేనని నువ్వేగా చెప్పావు? చచ్చిపోయినాయన ఒంటిమీది గుడ్డ తెచ్చి దేవుడి అలమర పక్కన పెట్టి పోయి పడుకున్నావు. మైల కాదంటే? శనివారం పొద్దున్నే బకెట్‌లో సబ్బుపొడేసి నీ బట్టలతో పాటు నానేశాను.”

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. “అత్తయ్యా, అది యాంటిక్. వాష్ చేయకూడదు.”

“యాంటిక్ అయితే మైలుండదా?”

నాయనమ్మ దాన్ని ఉతికి, బాల్కనీలో ఎండలో ఆరేసి, మధ్యాహ్నం తిరగేసి ఇస్త్రీ కూడా చేసి, నేను పెట్టిన కవర్‌లోనే మళ్ళీ పెట్టిందట. నేను సాయంత్రం దీపం కింద చూసింది ఆ ఇస్త్రీ చేసిన రెక్కను. ఆవిడ తప్పేమీ లేదు. తనకు తెలిసిన పద్ధతిలో ఎదుటివాళ్ళ వస్తువుకు గౌరవం చేసింది. ఉతికానని ఎందుకు చెప్పలేదంటే, ఉతికిన ప్రతి గుడ్డ గురించీ చెబుతామా అంది.

తాతగారూ, మీకు తెలుసు. బట్టలు మరీ తెల్లగా కనిపించాలని ఇప్పటి సబ్బుపొడుల్లో ఒక పదార్థం కలుపుతారు. అది గుడ్డకు పట్టుకుని, సరిగ్గా ఆ దీపం కింద మెరుస్తుంది. నేను గదిలోకి పరుగెత్తి దీపం వేసి నా టీషర్టు, దిండు గలీబు, తువ్వాలు అన్నీ చూశాను. అన్నీ ఆ రెక్కలాగే వెలిగాయి. మీరు పొరబడలేదు. పొరబడింది నేను. ఉతికిన గుడ్డను పట్టుకుని ఒక చనిపోయిన మనిషిని అబద్ధాలకోరని తేల్చాను.

నిన్న క్లాసు ఎగ్గొట్టి ఎల్డన్ గారి దగ్గరికి వెళ్ళాను. నాయనమ్మ, బకెట్, సబ్బుపొడి, అంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది. నా చేయి తట్టి, నువ్వు మంచిపిల్లవి, చచ్చిపోయేవాడితో అబద్ధాలు చెప్పొద్దు అన్నారు. ఒట్టేసి చెప్పాను.

“సోమవారం నువ్వు నిజం చెప్పావు. అప్పుడు నీ మొహం ఇలా లేదు.”

నిజం చెబుతున్నప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా చేతిరుమాలు తీసి దీపం కింద పెట్టి చూపించబోయాను. చేతిరుమాలు చేతిరుమాలే అన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత ప్రయోగాలు చేయించిన మనిషి. పోల్చి చూడాలంటే అదే కాలానిది, అదే పనితనంది, ఎవరూ శంకించనిది మరొకటి ఉండాలట. ఉతక్కముందు చీకటిగా ఉండి, ఉతికాక మెరవాలట. అలాంటిది ఉతుక్కోమని ఎవరిస్తారు స్మృతీ అని కళ్ళు మూసుకున్నారు.

నర్సు నన్ను బయటికి తీసుకొచ్చి, ఆయన ఇంకెన్నాళ్ళో ఉండరని, వారం రెండు వారాలు కావచ్చని చెప్పింది. ఆయన చనిపోవడానికి నేనేమీ చేయలేను. తండ్రి తనను మోసం చేశాడనుకుంటూ చనిపోవడం మాత్రం నా వల్ల జరుగుతోంది.

తాతగారూ, అలాంటిది మీ దగ్గర ఉంది.

మేకన్ ఊళ్ళో పాత సామాన్ల సంతలో, ఆ యుద్ధంలోనే పనిచేసిన ఒక పైలట్ కూతురి చేతి మీదుగా ఆ రెక్క మీకు దొరికింది. ఆయన దాన్ని పెట్టుకుని విమానం పక్కన నిలబడిన ఫోటో కూడా ఇచ్చిందావిడ. బేగంపేటలో ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగంలో ఉండగా మొదలుపెట్టిన సేకరణ అంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు అన్నారు మీరు. సొరుగులోవన్నీ నా చేతికిచ్చారు, దాన్ని మాత్రం అద్దం పైనుంచే చూడమన్నారు.

దాన్ని చూడటానికి ఇమ్మని అడగడం లేదు. పాడుచేయడానికి ఇమ్మంటున్నాను. ఉతికాక దాన్ని ఏ సేకర్తా నమ్మడు. మీ తర్వాత ఎవరైనా దీపం వేసి చూస్తే, నాలాంటి తెలివైన పిల్ల ఒకతె, ఇది తర్వాతి కాలపు పని అని తేల్చేస్తుంది. ఇదంతా తెలిసే అడుగుతున్నాను. మీకు ఎల్డన్ గారు ఎవరో తెలియదు. ఆయన కోసం మీరు ఎందుకివ్వాలి అంటే నా దగ్గర జవాబు లేదు. నాకోసం ఇవ్వమనడానికి నాకు మొహం లేదు.

‘ప్రాధేయపడటం’ అన్న మాట మీ ఉత్తరంలోనే నేర్చుకున్నాను. దాన్ని వాక్యంలో వాడమని మీరు అభ్యాసం ఇస్తే, ఏదో కుక్కపిల్ల గురించి రాసి పంపాను. ఇప్పుడు వాడుతున్నాను. తాతగారూ, మిమ్మల్ని ప్రాధేయపడుతున్నాను. వద్దనుకుంటే వద్దని ఒక్క ముక్క రాయండి, ఎదురుచూడటం మానేస్తాను.

స్మృతి


ఆష్‌బర్న్
ఏప్రిల్ 27, 2025

పూజ్యులు వేణుమాధవ్ తాతగారికి,

మీ పాదాలకు నమస్కారాలు. మా ఇంట్లో అందరూ మీ క్షేమం అడుగుతున్నారు. నాయనమ్మ అయితే రోజూ అడుగుతోంది.

మీ పార్సెల్ 18వ తేదీ శుక్రవారం చేరింది. మీ పంచె ముక్కలో చుట్టి, చుట్టూ దూది పెట్టి పంపారు. ఉత్తరం ఉంటుందని ఆ దూది పొరలన్నీ విడదీసి వెతికాను. ఏమీ లేదు. మీరు ఏదైనా రాసి ఉంటే, తిట్టి ఉన్నా, నాకు తేలిగ్గా ఉండేది. మీ రెక్కను అరచేతిలో పెట్టుకున్నప్పుడు, ఇన్నాళ్ళూ అద్దం పైనుంచి చూసినదాన్ని ఇలా పట్టుకుంటున్నందుకు సంతోషించాలా ఏడవాలా తెలియలేదు. ఫోటో మీ దగ్గరే ఉంచుకున్నారు. మంచి పని చేశారు.

మర్నాడు బయలుదేరుతుంటే నాయనమ్మ చెప్పులేసుకుని కారు దగ్గర నిలబడింది. ఉతికింది నేను, చెప్పేదీ నేనే అంది. సబ్బుపొడి చిన్న స్టీలు డబ్బాలో పోసుకుంది. నాన్న డ్రైవ్ చేస్తూ, అక్కడ ఇంగ్లీష్ తప్ప ఇంకేం నడవదమ్మా అంటే, ముసలాయనకి ముసలిదాని మాట అర్థమవుతుందిలే అంది.

ఎల్డన్ గారు బాగా నీరసించిపోయారు. నాయనమ్మ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, నేనే ఉతికానయ్యా, మా పిల్ల చెప్పింది నిజం అని తెలుగులోనే చెప్పింది. ఎందుకు ఉతికారని ఆయన అడిగారు. మైల అన్న మాటకు ఇంగ్లీషులో ఏం చెప్పాలో తెలియక, చావు అంటిందని కడిగింది అన్నాను. ఆయన తల ఊపారు. వాళ్ళ అమ్మ ఇంట్లో ఎవరైనా పోతే అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పేదట. అది చెబితే, పాపం వాళ్ళకీ పట్టింపులున్నాయి అంది నాయనమ్మ. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా నా అవసరం అంతగా లేకపోయింది.

ముందు మీ రెక్కను దీపం కింద పెట్టాం. ఏమీ మెరవలేదు. బొగ్గు ముక్కలా ఉంది. ఆయన మోచేతి మీద లేచి చూశారు. పక్కన వాళ్ళ నాన్నది పెడితే అది వెలిగింది. అప్పుడు నాయనమ్మ గదిలోని వాష్‌బేసిన్‌లో నీళ్ళు నింపి, డబ్బాలోని పొడి కలిపి, నేను వద్దు అనేలోపు మీ రెక్కను ముంచేసింది. నీళ్ళు నీలంగా మారుతుంటే నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. నానబెట్టి, ఉతికి, జాడించి, నర్సు ఇచ్చిన హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టాం. మళ్ళీ దీపం వేశాం.

ఎల్డన్ గారు నమ్మారు, తాతగారూ. వాళ్ళ నాన్నను నమ్మారు. ఆ సాయంత్రం ఆపిల్ గుజ్జు రెండు చెంచాలు తిన్నారు. పొలాల మీద మందు చల్లే విమానం వస్తే వాళ్ళ నాన్న తలెత్తకుండానే, చప్పుడు విని దాని ఇంజనులో ఏం లోపముందో చెప్పేవాడని, అది తాను మరిచేపోయానని చెప్పారు. కోటును తిరిగి తెప్పించమన్నారు. అదృష్టవశాత్తూ నర్సు దాన్ని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

గురువారం తెల్లవారాక ఆయన పోయారు. నిన్న ఖననం. రెక్క ఆయన గుండె మీదే ఉంది. పిన్ను నేనే పెట్టాను. నాయనమ్మ కూడా వచ్చింది. ఇంటికి రాగానే నన్ను, నాన్నను లోపలికి పోనివ్వకుండా నేరుగా తలస్నానాలకు పంపింది.

మీకు కృతజ్ఞత చెప్పడానికి మాట కోసం మూడు రోజులు నిఘంటువు తిరగేశాను. దొరికినవన్నీ చిన్నవిగా ఉన్నాయి. మీరు జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను. ఒత్తులు తప్పితే దిద్ది పంపండి చాలు.

ఎప్పటికీ మీ శిష్యురాలు,
స్మృతి

తా.క. సంతకం పెట్టాక కవరు అంటించలేకపోయాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు, కాని ఒకటి రాయలేదు.

మీ రెక్క మెరవలేదు.

ఉతికాక దీపం కింద పెడితే అది ముందెలా ఉందో అలాగే ఉంది. నేను దీపం దగ్గరగా జరిపాను, దూరంగా జరిపాను, తిరగేసి పెట్టాను. అస్తరు మీద ఒకటి రెండు చుక్కలు మెరిశాయేమో, అది కూడా గట్టిగా చెప్పలేను. ఎల్డన్ గారు పక్కనే వెలుగుతున్న వాళ్ళ నాన్నదాన్నీ, వెలగని మీదాన్నీ మార్చి మార్చి చూశారు. దీపం ఆపమన్నారు. ఆపాను.

దీన్ని పంపినాయనకి ఉతుకుతారని తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. డబ్బిచ్చావా అన్నారు. లేదన్నాను. మా నాన్నది ఆయన చూశాడా అన్నారు. ఫోటోలో చూశారని, చూడగానే అసలుదన్నారని, కాదన్నది నేనేనని చెప్పాను. నాయనమ్మ, ఏమంటాడే అని నా చెయ్యి గిల్లుతోంది.

“ఏమాత్రం సందేహం ఉన్నా ఎవడూ తనది పాడుచేసుకోడు. మా నాన్నది ఇటివ్వు.”

చేతికిచ్చాను. గుప్పిట మూసుకున్నారు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మన్నారు.

“నీ ప్రయోగం ఫెయిలైంది. ఎవరికి రాసినా అలాగే రాయి. దిద్దకు.”

అందుకే ఇది రాస్తున్నాను. ఒక్కసారి నానబెడితే చాలలేదేమో. మీది ఉన్ని, ఆయనది నూలు కావడం వల్లనేమో. లేకపోతే ఆయనది నిజంగానే కొత్తదేమో, నాయనమ్మ ఉతక్కముందు కూడా మెరిసేదేమో. నాకు తెలియదు. ఇప్పుడది మట్టిలో ఉంది, ఇక ఎవరికీ తెలియదు. మీకు ఆ ఫోటోలో నిజంగా తెలిసిందా అని అడగాలని ఉంది, మీరేం చెబుతారో అని భయంగానూ ఉంది.

మీ రెక్కను ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నీలం కొంత దిగిపోయింది. ఎడమవైపు కొసన జలతారు ఒక పోగు లేచింది, దాన్ని నేను ముట్టుకోలేదు. దీపం కింద మాత్రం ఇప్పటికీ చీకటిగానే ఉంది.